స్టీరియో 70: ఒక యాంప్లిఫయర్ జీర్ణోద్ధరణ

మన ఫీల్డులో పదేళ్ళ కిందట రాసిన కోడు కనపడితే చాలు, "లెగసీ" అని మొహం చిట్లిస్తాం. రాసినవాడు కంపెనీ మారిపోయుంటాడు. డాక్యుమెంటేషన్ ఉండదు. వాడిన లైబ్రరీకి సపోర్టు ఎప్పుడో ఆగిపోయుంటుంది. ఒక చోట ముట్టుకుంటే ఇంకెక్కడ పగుల్తుందో తెలీదు. చివరికి ఎవరో ఒకరు "మొత్తం తిరగరాసేద్దాం" అంటారు, మేనేజరు తలూపుతాడు. ఈ సినిమా మనందరం చూసిందే.

ఈ టపా కూడా ఒక లెగసీ సిస్టం గురించే. కాకపోతే ఇది సాఫ్టువేరు కాదు. 1959లో ఫిలడెల్ఫియాలో పుట్టిన ఒక స్టీరియో యాంప్లిఫయర్. పేరు డైనాకో స్టీరియో 70. చేసిన అసలు కంపెనీ మూతపడి నలభై ఏళ్ళు దాటింది. దాన్ని తెచ్చిన డేవిడ్ హాఫ్లర్ 2003లో పోయాడు. అందులో వాడిన ఒక ముఖ్యమైన ట్యూబుని మొదట్లో చేసిన ఫ్యాక్టరీలు ఎప్పుడో ఆ లైను మూసేశాయి. మన లెక్కన ఇది చచ్చిపోయిన ప్రోడక్టు కింద జమ.

కానీ చావలేదు. ఇవాళ్టికీ జనం పాత పెట్టెలు వెతికి తెచ్చుకుంటున్నారు, బాగుచేసుకుంటున్నారు, పాటలు వింటున్నారు. దానికి కావలసిన ప్రతి భాగమూ ఎక్కడో ఒకచోట కొత్తగా తయారవుతూనే ఉంది. నేనూ ఒకటి తెచ్చుకుని ఒక చలికాలం వారాంతాలన్నీ దానికే ధారపోశాను. ఆ పనిలో అర్థమైంది ఇది: గట్టిగా చేసిన యాంప్లిఫయర్లు ఆ రోజుల్లో ఇంకా చాలానే ఉన్నాయి. ఇది మాత్రం లోపలికి దారి తెరిచిపెట్టి చేసింది. అందుకే బతికింది.

ఎవరి సొంతమూ కాని సర్క్యూటు

యాంప్లిఫయర్ పని చెప్పుకోడానికి చిన్నదే. రికార్డు ప్లేయరో, రేడియోనో, ఇప్పుడైతే ల్యాప్‌టాపో ఇచ్చే పీలగా ఉండే సిగ్నల్ని తీసుకుని స్పీకరుని ఊపేంత బలం ఇవ్వాలి. బలం ఇచ్చేటప్పుడు దాని రూపం మారకూడదు. మారితే దాన్నే డిస్టార్షన్ అంటాం. 1940ల దాకా ఇంట్లో పెట్టుకునే సామాన్లలో బలమూ, శుభ్రతా రెండూ ఒకేచోట దొరకడం అరుదు.

1947 ఏప్రిల్, మే సంచికల్లో బ్రిటన్ పత్రిక 'వైర్‌లెస్ వరల్డ్' ఒక సర్క్యూటు వేసింది. రాసింది డి.టి.ఎన్. విలియమ్సన్ అనే ఇంజినీరు. 15 వాట్లు, డిస్టార్షన్ 0.1 శాతం లోపు. ఆ రోజులకి ఇది పెద్ద మాట. అసలు గొప్పతనం ఏంటంటే, ఆయన సర్క్యూటుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎలా చుట్టుకోవాలో కూడా వివరంగా రాసేశాడు. చదివినవాళ్ళు ఊరుకుంటారా? బ్రిటన్లో, ఆస్ట్రేలియాలో, అమెరికాలో వంటగది బల్లల మీద విలియమ్సన్ యాంప్లిఫయర్లు తయారయ్యాయి. అమెరికాలో హీత్‌కిట్ వాళ్ళు దాన్ని కిట్టుగానే అమ్మారు.

అదే కాలంలో ఫిలడెల్ఫియాలో డేవిడ్ హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ అనే ఇద్దరు ఆక్రోసౌండ్ పేరుతో ట్రాన్స్‌ఫార్మర్లు చేసి అమ్ముతుండేవారు. వీళ్ళు 1951 నవంబరులో 'ఆడియో ఇంజినీరింగ్' పత్రికలో 'అల్ట్రా లీనియర్' అనే పద్ధతి గురించి రాశారు. సంగతేంటంటే, అవుట్‌పుట్ ట్యూబుని ట్రయోడ్ లాగా వాడితే శబ్దం శుభ్రం, కానీ పవరు తక్కువ. పెంటోడ్ లాగా వాడితే పవరు ఎక్కువ, శుభ్రత తక్కువ. ట్యూబులోని స్క్రీన్ గ్రిడ్‌ని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో మధ్యన ఒకచోట కలిపితే రెండింటి మంచీ చాలావరకు దక్కుతుంది. అంతే ఐడియా.

ఇది కూడా పూర్తిగా వాళ్ళ బుర్రలో పుట్టింది కాదు. ఇంగ్లండులో అలన్ బ్లుమ్‌లైన్ ఇలాంటి కనెక్షన్‌కి 1937లోనే పేటెంటు రాశాడు. ఈయన మామూలు మనిషి కాదు, స్టీరియో శబ్దానికి 1931లోనే పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1942లో రాడార్ పరీక్ష చేస్తున్న విమానం కూలి ముప్పై ఎనిమిదేళ్ళకే పోయాడు. ఆయన వదిలేసిన రెండు దారాలూ, స్టీరియో, అల్ట్రా లీనియర్, పదిహేడేళ్ళ తర్వాత ఒకే పెట్టెలో కలిశాయి. ఆ పెట్టే మన స్టీరియో 70.

అంటే దీని వంశవృక్షం చూస్తే ప్రతి తరమూ తన సర్క్యూటుని పత్రికలో అచ్చేసి, "ఇదిగో, మీరూ చేసుకోండి" అన్నదే. మనవాళ్ళు ఓపెన్ సోర్స్ అని పేరు పెట్టడానికి చాలా ముందు సంగతి ఇది.

99.95 డాలర్లు, ఒక టంకం కడ్డీ

హాఫ్లర్ 1955లో ఎడ్ లారెంట్ అనే ఇంజినీరుతో కలిసి డైనాకో మొదలుపెట్టాడు. ఆఫీసు ఫిలడెల్ఫియాలో పవెల్టన్ ఎవెన్యూ మీద. (డ్రెక్సెల్‌లో ఎమ్మెస్ చేసిన మన తెలుగువాళ్ళలో చాలామంది ఆ రోడ్డు మీద అద్దెకుండే ఉంటారు. అక్కడ ఇలాంటిదొకటి ఉండేదని ఎవరూ చెప్పుండరు.) మొదట మార్క్ 2, మార్క్ 3 అని ఒంటి ఛానలు యాంప్లిఫయర్లు చేశారు.

1958లో స్టీరియో రికార్డులు బజారులోకొచ్చాయి. స్టీరియో అంటే రెండు స్పీకర్లు, రెండు యాంప్లిఫయర్లు, రెండింతల ఖర్చు. 1959లో డైనాకో రెండు ఛానళ్ళని ఒకే ఛాసిస్ మీద పెట్టి, ఒక్కోదానికి 35 వాట్లు ఇచ్చి, కిట్టు ధర 99.95 డాలర్లు అంది. కట్టింది కావాలంటే 129.95. అప్పట్లో మెకింతోష్, మరాంట్జ్ లాంటి పెద్ద పేర్ల స్టీరియో యాంప్లిఫయర్ కొనాలంటే కిట్టు ధరకి రెట్టింపు దాటేది. 1961లో ఎఫ్ఎం స్టీరియో కూడా మొదలయ్యేసరికి ఇది మధ్యతరగతి ఇళ్ళల్లోకి దూసుకుపోయింది. మొత్తం మీద మూడున్నర లక్షల దాకా అమ్ముడయ్యాయని అందరూ చెప్పే లెక్క.

కిట్టు అంటే భయపడేవాళ్ళ కోసం డైనాకో ఒక తెలివైన పని చేసింది. చిన్న చిన్న భాగాలన్నీ ఉండే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డుని ఫ్యాక్టరీలోనే కట్టి ఇచ్చేది. కొన్నవాడి పనల్లా ట్రాన్స్‌ఫార్మర్లు బిగించడం, ట్యూబు సాకెట్లు బిగించడం, వైర్లు కలపడం. మాన్యువల్లో ఒక్కో అడుగుకీ ముందు ఖాళీ బ్రాకెట్టు ఉంటుంది, అయిపోగానే టిక్కు పెట్టుకోడానికి. ఎక్కడ టంకం వెయ్యాలో అక్కడ గుర్తు ఉంటుంది, గుర్తు లేకపోతే వైరు తగిలించి వదిలెయ్యాలి, ఇంకో వైరు రాబోతోందని అర్థం. ఎలక్ట్రానిక్స్ ఓనమాలు రానివాడు కూడా కొన్ని గంటల్లో కట్టుకోగలడు. చివర్లో పూర్తి సర్క్యూటు బొమ్మ, ఎక్కడెక్కడ ఎన్ని వోల్టులుండాలో అంకెలు. ఇంతకన్నా మంచి ఇన్‌స్టలేషన్ గైడు నా ఉద్యోగ జీవితంలో చూళ్ళేదు.

నాకు దొరికిన పెట్టెతో పాటు ఆ మాన్యువల్ కూడా వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర కొన్నాను. మాన్యువల్లో సగం దాకా పెన్సిల్ టిక్కులు, తర్వాత నీలం సిరా టిక్కులు. అంటే మొదటిరోజు సగం కట్టి పడుకుని ఉంటాడు మహానుభావుడు. ఛాసిస్ తిరగేస్తే అదే తేడా కనపడింది. మొదట వేసిన టంకాలు బొద్దుగా, వణుకుతూ ఉన్నాయి, చివర్లోవి శుభ్రంగా మెరుస్తున్నాయి. మనిషి పని నేర్చుకున్న తీరు ఆ వైర్లలో కనిపిస్తోంది.

పాత కిట్టుతో ఉన్న చిక్కూ ఇదే, అందమూ ఇదే. ఫ్యాక్టరీలో కట్టినవైతే అన్నీ ఒకలాగే ఉంటాయి. లక్షలమంది లక్ష రకాలుగా కట్టినవి ఒక్కోటి ఒక్కో రకం. బాగుచేసేవాడు సర్క్యూటు బొమ్మతో పాటు ఆ కట్టినవాడి చేతిని కూడా చదవాలి.

లోపల ఏముంది

కాస్త టెక్నికల్‌గా వెళ్తాను, ఓపిక పట్టండి. ఒక్కో ఛానల్లో మూడే ట్యూబులు. ముందు 7199 అనే చిన్న ట్యూబు. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్యూబులున్నట్టు లెక్క. ఒక సగం సిగ్నల్ని పెంచుతుంది, రెండో సగం దాన్ని సుల్టా, ఉల్టాగా రెండు కాపీలు చేస్తుంది. ఆ రెండు కాపీలూ రెండు ఈఎల్34 పవర్ ట్యూబులకి వెళ్తాయి. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది. ఆ రెండూ కలిసి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ని నడుపుతాయి, అది స్పీకర్ని నడుపుతుంది. అవుట్‌పుట్లో కొంత వెనక్కి తెచ్చి మొదటి ట్యూబుకి చూపిస్తే అది తప్పులు దిద్దుకుంటుంది. మన ఫీడ్‌బ్యాక్ లూపే.

రెండు ఛానళ్ళకీ కలిపి ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మరు, జీజెడ్34 అనే రెక్టిఫయర్ ట్యూబు, ఒక చోక్, ఒకే డబ్బాలో నాలుగు కెపాసిటర్లు. మొత్తం సరుకు ఇంతే. అరచేతిలో పట్టే సర్క్యూటు. కానీ బరువు పధ్నాలుగు కిలోల పైమాటే, ఎందుకంటే అందులో ఇనుము అంత ఉంది.

ఈఎల్34 ట్యూబులకి గ్రిడ్ దగ్గర మైనస్ వోల్టేజీ ఇవ్వాలి. దాన్నే బయాస్ అంటారు. అది ట్యూబుకి బ్రేకు లాంటిది. ఎక్కువైతే శబ్దం చెడుతుంది, తక్కువైతే ట్యూబు ఒళ్ళు తెలీకుండా కరెంటు లాగేస్తుంది. దీన్ని సెట్ చెయ్యడానికి డైనాకో ముందువైపు సాకెట్ దగ్గరే కొలిచే ఏర్పాటు పెట్టింది. అక్కడ 15.6 ఓముల రెసిస్టర్ ఉంటుంది, దాని మీద 1.56 వోల్టులు రావాలి. అంటే ఆ ఛానల్లోని రెండు ట్యూబులూ కలిసి 100 మిల్లీ ఆంపియర్లు. మరీ పిచ్చి అంకెలా ఉందే అనుకున్నాను మొదట. కొత్త టార్చిలైటు సెల్లు ఇచ్చే వోల్టేజీ దాదాపు అంతే! చవక మీటరు తప్పు చూపిస్తోందేమోనని అనుమానమొస్తే, ఒక కొత్త సెల్లుతో మీటరుని సరిచూసుకోవచ్చు. ఇంట్లో వాడి దగ్గర ఏముంటుందో ఆలోచించి చేసిన డిజైన్ ఇది.

ఏమేం పోతాయి, ఎందుకు పోతాయి

అరవై ఏళ్ళు దాటిన యాంప్లిఫయర్ దొరగ్గానే ప్లగ్గు పెట్టి స్విచ్ వెయ్యాలనిపిస్తుంది. వెయ్యకూడదు. మా బాబాయికి డెబ్భైలలో గుడివాడలో రేడియో రిపేరు షాపు ఉండేది. ఫోన్లో ఫోటోలు పంపగానే ఆయన అన్న మొదటి మాట, "ఒరేయ్, దాన్ని సిరీస్ ల్యాంపు లేకుండా లైనుకి పెట్టావా, చూస్కో మరి!" అని.

సిరీస్ ల్యాంపు అంటే ఏం లేదు, మామూలు ఫిలమెంటు బల్బుని కరెంటు దారిలో అడ్డం పెట్టడం. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది, యాంప్లిఫయర్ బతికిపోతుంది. అంతా బాగుంటే బల్బు ఒకసారి వెలిగి మసకబారుతుంది. పది రూపాయల పరికరం, రెండొందల డాలర్ల ట్రాన్స్‌ఫార్మర్ని కాపాడుతుంది.

"ముందు కండెన్సర్లు చూడు బాబూ. వాల్వులు అంత తేలిగ్గా పోవు. జనం ముందు వాల్వులు మార్పించేసి డబ్బులు తగలేసుకునేవాళ్ళు" అన్నాడు బాబాయి. (ఆయన తరం కెపాసిటర్ని కండెన్సర్ అనే అంటుంది, ట్యూబుని వాల్వనే అంటుంది.)

"అది కాదు బాబాయ్, ఇది అమెరికా యాంప్లిఫయర్ కదా..."

"ఏ దేశందైనా కండెన్సర్ కండెన్సరే కదరా!"

నిజమే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లో ప్లేట్ల మధ్య అడ్డుగోడ అల్యూమినియం మీద ఏర్పడ్డ అతి పల్చటి ఆక్సైడ్ పొర. కరెంటు పారుతుంటే ఆ పొర నిలబడుతుంది. ఏళ్ళ తరబడి వాడకుండా పడేస్తే బలహీనపడుతుంది, లోపలి ద్రవం ఎండిపోతుంది. ఒక్కసారిగా 400 వోల్టుల పైన పడితే షార్ట్ అవుతుంది, ఒక్కోసారి పగులుతుంది. అంటే వాడిన యాంప్లిఫయర్ కన్నా అటక మీద పెట్టి మర్చిపోయిందే ప్రమాదం.

స్టీరియో 70లో అన్నిటికన్నా ముందు మార్చాల్సింది ఇంకోటుంది. బయాస్ వోల్టేజీ తయారుచేసే సెలీనియం రెక్టిఫయర్. 1959లో సిలికాన్ డయోడ్లు ఇంకా ఖరీదు, అందుకని సెలీనియం పెట్టారు. అది వయసుతో నీరసపడుతుంది. దాని పక్కనున్న చిన్న కెపాసిటర్లూ అంతే. బయాస్ పోయిందంటే బ్రేకు ఫెయిలైనట్టే. నాలుగు ఈఎల్34లూ ఎర్రగా కాలిపోతాయి, వాటి వెనకే ట్రాన్స్‌ఫార్మర్. బజారులో నాలుగణాల డయోడు పెడితే ఈ గండం గడిచిపోతుంది. మొత్తం సిస్టంలో అతి చవకైన భాగం మీద అతి ఖరీదైన భాగం ప్రాణం ఆధారపడి ఉండటం మనకి కొత్తేం కాదు కదా.

తర్వాత 7199 నుంచి ఈఎల్34కి సిగ్నల్ తీసుకెళ్ళే కెపాసిటర్లు. ఇవి డీసీని ఆపి సిగ్నల్ని మాత్రమే పంపాలి. ముసలివైపోయి కొంచెం కారినా ఈఎల్34 గ్రిడ్ మీద ప్లస్ వోల్టేజీ చేరి బయాస్‌ని తినేస్తుంది. తర్వాత పాతకాలం కార్బన్ రెసిస్టర్లు, వీటి విలువ ఏళ్ళ మీద పెరుగుతూ పోతుంది. రంగుల గీతలు ఒకటి చెప్తాయి, మీటరు ఇంకోటి చెప్తుంది. మీటరునే నమ్మాలి. ఆఖర్న ఆ గోధుమరంగు సర్క్యూట్ బోర్డు. ట్యూబుల వేడికి దశాబ్దాల పాటు కాలి పెళుసైపోయి, సోల్డరింగ్ ఐరన్ తగిలించగానే రాగి గీతలు పైకి లేచిపోతాయి.

ఇంకో విచిత్రం. డిజైన్ చేసిన రోజుల్లో అమెరికా ఇళ్ళ కరెంటు 117 వోల్టులని లెక్క. ఇప్పుడు గోడలో 120 పైనే, మా ఇంట్లో 123. ప్లాట్‌ఫాం వెర్షను మెల్లగా మారిపోయిందన్నమాట. లోపల ప్రతి వోల్టేజీ ఆ మేరకి పెరుగుతుంది, అసలే వేడెక్కే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా వేడెక్కుతుంది. అందుకని ఇప్పుడు చాలామంది బయాస్‌ని పాత అంకె కన్నా తగ్గించి పెడతారు. నేనూ అంతే చేశాను.

ఒక హెచ్చరిక. ట్యూబు యాంప్లిఫయర్ లోపలి వోల్టేజీ మనిషిని చంపుతుంది. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో అది నిలవుంటుంది. వాటిని ఖాళీ చేసి, మీటరుతో చూసుకుని, అప్పుడే చెయ్యి పెట్టాలి. ఈ టపా చదివి ఎవరూ ఉత్సాహపడి వేలు పెట్టకండి, ముందు తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోండి.

డిపెండెన్సీల పంచాయితీ

ఇప్పుడు చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం. 1960ల మధ్యలో ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. డైనాకో తానే 1966లో స్టీరియో 120 అని ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తెచ్చింది. 60ల చివర్లో కంపెనీని టైకో కొనేసింది. 1980 వచ్చేసరికి కథ ముగిసింది. హాఫ్లర్ అప్పటికే 1977లో తన పేరుతో ఇంకో కంపెనీ పెట్టి మళ్ళీ కిట్లే అమ్ముతున్నాడు. 

అమెరికాలో, పశ్చిమ యూరప్‌లో ట్యూబు ఫ్యాక్టరీలు ఒక్కోటీ మూతపడ్డాయి. మరి ఈఎల్34లు ఎక్కణ్ణించి వస్తాయి? ట్రాన్సిస్టర్లకి పూర్తిగా మారని దేశాల నుంచి! రష్యాలో సరతోవ్ ఫ్యాక్టరీ, చైనాలో షుగ్వాంగ్, స్లొవేకియాలో జేజే. అమెరికా వాడి డ్రాయింగు రూంలో శబ్దం ప్రచ్ఛన్న యుద్ధంలో అవతలి పక్షం చేసిన ట్యూబుల మీద నిలబడింది. 2022 మార్చిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు సరతోవ్ ట్యూబులు ఆగిపోయాయని కబురొచ్చింది. జనం ఉన్నవన్నీ ఎగబడి కొనేశారు. కొన్ని వారాలకి మళ్ళీ సరఫరా మొదలైంది కానీ, ఒకే వెండరు మీద ఆధారపడితే ఏమవుతుందో అందరికీ తెలిసొచ్చింది.

ఈఎల్34 సంగతి నయం. గిటార్ యాంప్లిఫయర్ల వాళ్ళు కూడా వాడతారు కాబట్టి గిరాకీ ఉంది. 7199కి ఆ అదృష్టం లేదు. ఆర్‌సీఏ, సిల్వేనియా వాళ్ళు చెయ్యడం మానేశారు, తర్వాత రష్యా నుంచి సోవ్‌టెక్ పేరుతో కొన్నాళ్ళు వచ్చింది. పాత నిల్వలు అడిగినంత రేటు. అచ్చం మనం వాడే లైబ్రరీని మెయింటెయినర్ వదిలేసిన పరిస్థితి.

అప్పుడేం చేశారు? మూడు దారులు కనిపెట్టారు. ఒకటి, దాదాపు అలాంటిదే అయిన 6జీహెచ్8ఏ ట్యూబుకి అడాప్టర్ పెట్టి అదే సాకెట్లో దూర్చడం (కాళ్ళ వరస వేరు, అందుకని అడాప్టర్). రెండు, పాత బోర్డు కొలతలతోనే కొత్త బోర్డు చేసి, దాని మీద ఇప్పటికీ తయారవుతున్న ట్యూబులతో కొత్త సర్క్యూటు వెయ్యడం. పాత నాలుగు మరలు విప్పి కొత్తది బిగిస్తే చాలు. మూడు, అన్నీ విప్పేసి ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ఉంచుకుని మిగతాదంతా సొంతంగా కట్టుకోవడం. 1970లో మొదలైన 'ఆడియో అమెచ్యూర్' పత్రిక లాంటివి డైనాకో మార్పుల మీద వ్యాసాలు వేస్తూనే వచ్చాయి. ఇవన్నీ ఎలా కుదిరాయి? సర్క్యూటు బొమ్మ, వోల్టేజీలు, కొలతలు అందరి చేతిలో ఉన్నాయి కాబట్టి. ఇంటర్‌ఫేసు తెలిస్తే లోపలి ఇంప్లిమెంటేషన్ ఎవరైనా మార్చుకోవచ్చు.

మూలవిరాట్టు ఏది?

ఇక్కడే అసలు తగువు మొదలవుతుంది. ఇన్ని మార్చాక అది స్టీరియో 70యేనా?

ఒక వర్గం వాళ్ళు మడి కట్టుకుంటారు. పాత కెపాసిటరు డబ్బాని కోసి, లోపలి సరుకు తీసేసి, కొత్త కెపాసిటర్లు దూర్చి మళ్ళీ మూసి, బయటికి 1959 లాగే కనపడేలా చేస్తారు. ఓపిక్కి దండం పెట్టాలి. ఇంకో వర్గం "మెరుగు" పేరుతో ఏదైనా చేసేస్తుంది. పెద్ద కెపాసిటర్ అయితే ఇంకా మంచిది కదా అని ఎడాపెడా పెంచేస్తారు. జీజెడ్34 డేటాషీటు దాని వెంటనే ఉండే కెపాసిటరు 60 మైక్రోఫారడ్లు దాటకూడదని చెప్తుంది. అది చదవనివాళ్ళు రెక్టిఫయర్ని కాల్చుకుని, "ఈ కాలం ట్యూబులు మంచివి కావు" అంటారు. ఏ అంకె ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా మార్చడం ఎక్కడైనా ఒకటే, కోడులోనూ అంతే.

నాకు మన గుళ్ళ పద్ధతి గుర్తొచ్చింది. మన దగ్గర దీనికి చక్కటి మాట ఉంది, జీర్ణోద్ధరణ. గోపురం కూలితే కొత్తది కడతారు, మండపం రాళ్ళు మారుస్తారు, అంతవరకూ పూజలు బాలాలయంలో జరుగుతాయి. యాదాద్రిలో అలాగే జరిగింది. 2016 నుంచి ఆరేళ్ళు బాలాలయంలో దర్శనాలు, చుట్టూ ఆలయమంతా కొత్తగా నల్లరాతితో కట్టారు, 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. గుహలో స్వయంభువు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. దాన్ని ఎవరూ కొత్త గుడి అనరు. అక్కడ మూలవిరాట్టు ఏదో అందరికీ ముందే తెలుసు కాబట్టి ఆ చిక్కు రాదు.

స్టీరియో 70లో మూలవిరాట్టు ఏదంటే చాలామంది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లని చూపిస్తారు. హాఫ్లర్ అసలు ట్రాన్స్‌ఫార్మర్ల మనిషి, ఏ-470 అనే ఆ ట్రాన్స్‌ఫార్మరే ఈ యాంప్లిఫయర్ ప్రాణం, నిజమే. కానీ ఇప్పుడు ఏ-470కి కూడా నకళ్ళు చుట్టి అమ్ముతున్నారు. ఛాసిస్ కూడా కొత్తది దొరుకుతుంది. అంటే ఒక్క పాత ముక్క కూడా లేకుండా స్టీరియో 70 కట్టుకోవచ్చు.

అందుకని నా మట్టుకు మూలవిరాట్టు ఆ మాన్యువల్. అందులో ఆఖరి పేజీల్లో ఉన్న సర్క్యూటు బొమ్మ, వోల్టేజీ అంకెలు, "నువ్వూ చెయ్యగలవు" అనే ఆ ధోరణి. విలియమ్సన్ పత్రికలో అచ్చేసిందీ, హాఫ్లర్ డబ్బాలో పెట్టి అమ్మిందీ అదే. బోర్డు మార్చినా, డయోడు మార్చినా ఆ ధోరణిలోనే మార్చితే అది జీర్ణోద్ధరణ. ఏం మార్చామో రాసిపెట్టకుండా మార్చేస్తే, తర్వాత వచ్చేవాడికి గోడ కట్టినట్టే.

నేను చేసింది రెండు వర్గాలకీ మధ్యన. బయాస్ డయోడు, కెపాసిటర్లన్నీ, విలువ తప్పిన రెసిస్టర్లు కొత్తవి. పెళుసైన బోర్డు తీసేసి అదే సర్క్యూటుతో కొత్త బోర్డు. ఒక్కో ఈఎల్34కి విడివిడిగా కరెంటు కొలిచే రెసిస్టర్ అదనంగా పెట్టాను, ఎందుకంటే పాత పద్ధతిలో రెండు ట్యూబుల కరెంటు కలిపే కనపడుతుంది, జతలో ఒకటి తినేస్తూ ఇంకోటి పస్తున్నా తెలీదు. తీసిన పాత భాగాలన్నీ ఒక కవర్లో వేసి ఉంచాను. మాన్యువల్ వెనక ఖాళీ పేజీలో ఏ రోజు ఏం మార్చానో, మార్చాక ఎక్కడ ఎన్ని వోల్టులున్నాయో ఎర్ర సిరాతో రాశాను. పెన్సిల్, నీలం, ఎరుపు. ఒకరకంగా వెర్షన్ హిస్టరీ.

శబ్దం ఎలా ఉంది అంటారా? బాగుంది. గొంతులు బాగా దగ్గరగా వినపడతాయి. బాస్ ఇప్పటి యాంప్లిఫయర్లంత బిగువుగా ఉండదు. ట్యూబు శబ్దం అమృతమనీ, ట్రాన్సిస్టర్ శబ్దం ఇసుకనీ నేను ప్రమాణాలు చెయ్యను. కొలతల్లో అయితే ఇవాళ చేతిలో పట్టే చిన్న క్లాస్ డి యాంప్లిఫయర్ దీన్ని తేలిగ్గా ఓడిస్తుంది, కరెంటు కూడా చాలా తక్కువ తింటుంది. కానీ ఆ చిన్న డబ్బా పాడైతే ఏం చేస్తామో మీకూ తెలుసు, చెత్తబుట్టే గతి.

మన సంగతి

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనకండి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లోనే రేడియో వాల్వులు చెయ్యడం మొదలుపెట్టింది. మా బాబాయి లాంటివాళ్ళు ఆ వాల్వులతోనే ఊళ్ళల్లో రేడియోలు బతికించారు. ఇంజినీరింగ్ డిగ్రీల్లేవు వాళ్ళకి. ఒక సర్క్యూటు బొమ్మ, ఒక మీటరు, ఒక టంకం కడ్డీ, ముక్కుతో వాసన పట్టే అనుభవం. బొమ్మ దొరికితే ఏ దేశం సెట్టయినా విప్పేవాళ్ళు. బొమ్మ దొరకని రోజులు రాగానే ఆ షాపులు మూతపడ్డాయి. మా బాబాయిది టీవీల దాకా లాగింది, తర్వాత రీచార్జి కార్డులు అమ్మే కొట్టయింది.

ఇప్పుడు చట్టాలు మెల్లగా కదులుతున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. న్యూయార్క్ రాష్ట్రం చట్టం 2023 డిసెంబరులో అమల్లోకొచ్చింది. కంపెనీల్ని మాన్యువల్ ఇవ్వండి బాబూ అని చట్టంతో అడిగించుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. డైనాకో వాడు ఎవరూ అడక్కుండానే, డబ్బాలో పెట్టి ఇచ్చాడు. పైగా దానివల్ల నష్టపోలేదు, దాన్నే అమ్ముకున్నాడు.

మనం రోజూ కట్టే సిస్టమ్స్‌లో ఏ ఒక్కటీ అరవై ఏళ్ళు ఉండక్కర్లేదు, ఉండవు కూడా. కానీ మన తర్వాత ఆ సీట్లో కూర్చునేవాడు దాన్ని విప్పితే ఏం కనపడుతుంది? 60 అనే అంకె ఎందుకు పెట్టామో ఎక్కడైనా రాశామా? మీటరు సరిచూసుకోడానికి వాడి దగ్గరుండే టార్చిలైటు సెల్లు గురించి ఆలోచించామా? చేసినవాళ్ళు లేకపోయినా పని నడవాలంటే ఇవే కావాలి. మిగతావన్నీ కెపాసిటర్లే, ఎప్పటికైనా మార్చుకోవచ్చు.